పెన్సిలు చప్పుడు

రౌహా కెట్టునెన్ తన ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఒక్క రబ్బరు ముక్క కూడా కొనలేదు. రాసినదాన్ని చెరపకూడదన్నది ఆమె నియమం. తప్పు దొర్లితే దాని మీద ఒక అడ్డగీత గీసేది. కిందనున్న అక్షరాలను తరవాత ఎవరైనా చదువుకోగలిగేటంత సన్నగా గీసి, పక్కన తేదీ వేసి, పేరు రాసేది. సరస్సు ఒడ్డున కలప కోతమిల్లు చుట్టూ పెరిగిన ఆ పట్టణంలో, ఊరి ఆసుపత్రిలో ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకూ బొత్తాము పెట్టుకోవడం, రొట్టె కోసుకోవడం, కాఫీ కాచుకోవడం మళ్ళీ నేర్పడం ఆమె పని. ఊళ్ళోవాళ్ళు ఆమె గదిని బొత్తాల బడి అనేవారు. నేర్పడం ఆ పనిలో సగమేనని, నేర్చుకున్నారో లేదో చూసి రాయడం మిగతా సగమని వాళ్ళకు తెలియదు.

ఆ రాత గురించి కొంచెం చెప్పాలి. అక్కడి భాషలో కర్త లేకుండానే నిక్షేపంగా నిలబడే క్రియారూపం ఒకటుంది. మన కర్మణి ప్రయోగం దాని ముందు నంగనాచి. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆ రూపమంటే మహా ప్రీతి. "కప్పు ఎత్తబడినది" అని ఎవరైనా రాసుకొస్తే రౌహా కళ్ళజోడు మీదుగా చూసి, "ఎవరెత్తారమ్మా? నువ్వా, ఆవిడా, దేవుడా?" అనేది. పిల్ల ఎర్రబడి వెళ్ళి మళ్ళీ రాసుకొచ్చేది. కథల్లో కర్త తెర వెనక దాక్కుంటే అందమేమో. రోగి కాగితంలో మాత్రం ఆ దాగుడుమూత వల్ల మనుషులు పడిపోతారు, కాలుతారు.

ఆమె కాగితాల్లో సాయానికి నాలుగు మెట్లుండేవి. తానే చేశాడు, తప్పు చేయబోయి తానే గమనించి దిద్దుకున్నాడు, మాట సాయంతో చేశాడు, చేయి సాయంతో చేశాడు. ఒక మనిషి తన ఇంటికి వెళ్తాడా, మునిసిపాలిటీ వారి వృద్ధాశ్రమానికి వెళ్తాడా అన్నది రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ నడుమ తేలిపోయేది. రాజధానిలో ఆమెకు ఈ విద్య నేర్పిన ముసలావిడ, "నీ కనుబొమ్మ కూడా సాయమే. అది లేచిందంటే రోగి పని నువ్వు చేసిపెట్టినట్టే" అని చెప్పి పంపింది. అందుకని రౌహా రోగి వెనక, తలుపు వారగా, ముఖం గోడలా పెట్టుకుని నిలబడేది. సరిగా జరుగుతున్న పనిని చేతులు కట్టుకుని చూసేది. ఎక్కడ తడబాటు కనిపిస్తే అక్కడే, ఆ నిమిషానే, గడియారం చూసి రాసేది. మంచి సంగతులు మనసులో నిలుస్తాయి గనక వాటిని చివర రాసుకోవచ్చునని, తడబాట్లను మనసు దయతో చెరిపేస్తుందని ఆమె నమ్మకం.

పై ఊళ్ళలో రోగుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆమె కలం పట్టుకుపోయేది కాదు. చలికి సిరా గడ్డకట్టేది. గట్టి ములుకున్న పెన్సిలుతో, చెక్కపలకకు బిగించిన కాగితం మీద రాసుకునేది. ఆసుపత్రికి తిరిగివచ్చాక దాన్ని సిరాతో శుభ్రంగా ఎత్తిరాసేది. పెన్సిలు కాగితాన్ని కూడా పారేయకుండా వెనక గుచ్చేది.

తౌనో హీటానెన్ 1974 సెప్టెంబరులో ఆమె దగ్గరికి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళవాడు. మిల్లులో నలభయ్యేళ్ళు రంపాలకు ఆకురాయితో పదును పెట్టిన మనిషి. రంపం దుంగలోకి దిగే చప్పుడు విని, ఎన్నో పన్ను మొద్దుబారిందో యంత్రం ఆపకుండానే చెప్పేవాడని మిల్లులో పేరుండేది. భార్య పోయింది, పిల్లలు లేరు. పట్టణానికి తొమ్మిది కిలోమీటర్ల దూరాన, బిర్చి చెట్ల తోపు వెనక, తాను కట్టుకున్న చెక్కయింట్లో ఒక్కడే ఉండేవాడు. పక్షవాతం ఎడమ చేతిని కొంతే తీసుకుంది. అంతకంటే పెద్దదాన్ని, ఎవరికీ కనబడనిదాన్ని తీసుకుపోయింది. అతనికి ఆగడం రావడం లేదు. కాఫీ పొడి నీళ్ళలో పడీ పడకముందే వంపబోయేవాడు. లేవాలనుకోవడం, లేవడం ఒకటే అయిపోయాయి.

"ఆ ముసలాళ్ళ కొంపలో కిటికీలు తెరుచుకోవటగా పంతులమ్మా?" అన్నాడు మొదటి వారంలోనే. ఆమె ఎప్పుడూ రాస్తూ ఉంటుంది గనక అతను పెట్టిన పేరది.

"తెరుచుకుంటాయి. వేసవిలో."

"వేసవి దాకా ఎవడుంటాడక్కడ! క్రిస్మసుకి నేను మా ఇంట్లో ఉండాలి. అంతే. నువ్వేం రాసుకుంటావో రాసుకో."

పట్టణంలో అతని చెల్లెలు సైమి ఉండేది. మిల్లు క్యాంటీనులో వంట చేసి రిటైరయిన మనిషి. ప్రతి ఆదివారం ఏలకుల బన్నులు మూటగట్టుకుని వచ్చేది.

"నా గదిలో నీకు చోటు లేదురా అన్నయ్యా. ఉన్నా రానివ్వను, నీ గురక నాకు చిన్నప్పుడే చాలు," అనేది. అతను బన్నును కుడిచేత్తో తుంచి కాఫీలో ముంచుకుంటూ, "నీ చేతి సూపు తప్పించుకున్నాను, అదే పదివేలు," అనేవాడు. ఆ తరవాత ఆమె నడవాలోకి వచ్చి గొంతు తగ్గించి, "రౌహాగారూ, వాడు ఆ ఇంటికి దూరమైతే ఎన్నాళ్ళో బతకడు. మీరే ఎలాగో గట్టెక్కించాలి," అనేది.

వార్డు డాక్టరు ఒకే షరతు పెట్టాడు. తౌనో తన ఇంటిని తానొక్కడే, ఎవరూ చెప్పకుండా, వెచ్చబెట్టుకోగలడని రౌహా రాసివ్వాలి. ఆ ఇంట్లో గోడంత ఇటుకపొయ్యి ఒకటుంది. రెండు గంటలు కట్టెలు మండితే ఇటుకలు రోజంతా వేడినిస్తాయి, పొగగొట్టంలో అడ్డంగా తోసే ఇనుపపలకను సరైన వేళకు మూస్తే. నిప్పుకణికల మీద నీలిమంట ఒక్క నాలుకైనా మిగలకుండా చచ్చేదాకా ఆగాలి. ముందే మూస్తే గదిలోకి బొగ్గుల విషవాయువు దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, నిద్ర వస్తుంది, ఆ నిద్రలోంచి మనిషి లేవడు. ఆలస్యమైతే వేడంతా ఆకాశానికి పోతుంది. ఆ ప్రాంతంలో బడికి వెళ్ళని పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. తౌనోకు తెలియక కాదు. ఆగగలడా అన్నదే ప్రశ్న.

అక్టోబరులో మొదటిసారి టాక్సీలో తీసుకెళ్ళింది. తౌనో తన గడపలో అడుగుపెట్టి, గోడకున్న రంపాన్ని వేలితో మీటి, ఆ మోత ఆగేదాకా విన్నాడు. తరవాత కట్టెలు పేర్చాడు, బిర్చి బెరడుతో అంటించాడు. అంతా ఒంటిచేత్తో, ముచ్చటగా. గంటన్నర గడిచింది. మంట కొంచెం తగ్గిందో లేదో లేచి పొగగొట్టం పలక మీద చెయ్యి వేశాడు. రౌహా గడియారం చూసి రాసింది. చెక్కపలక మీద పెన్సిలు గరగరలాడింది.

"అబ్బ! ఏం ములుకమ్మా అది, పళ్ళు జివ్వుమంటున్నాయి," అంటూనే అతను పలకను సగం తోశాడు.

"తౌనోగారూ, ఆగండి. మంట ఉంది."

అతను వెనక్కి లాగాడు. కాసేపటికి అడిగాడు. "ఏం రాశావు?"

"ఆగలేదని. నేను చెప్పాల్సి వచ్చిందని."

"ఆ ఒక్క ముక్కా మింగెయ్యకూడదూ? నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారిక్కడ?"

"ఎవరూ లేరు. అందుకే రాయాలి."

డాక్టరు కాగితం చూసి, "ఇంకో రెండుసార్లు తీసుకెళ్ళు. ఆ పైన మనం చేసేదేమీ లేదు," అన్నాడు.

రెండోసారి రెండు వారాల తరవాత. మళ్ళీ మంట తగ్గింది, మళ్ళీ అతను లేచాడు, పలక మీద చెయ్యి వేశాడు. తలుపు వారనుంచి రౌహా వేళ రాసింది. ఈసారి చెయ్యి అక్కడే ఒక క్షణం నిలిచి, మెల్లగా కిందికి దిగింది. అతను పొయ్యి తలుపు తెరిచి తొంగిచూసి, "ఉందింకా నీలం, ఉంది," అని మళ్ళీ కూర్చున్నాడు. పావుగంట తరవాత మళ్ళీ అలాగే. మూడోసారి లేచినప్పుడు పొయ్యిలో నీలిమంట లేదు. అతను చెయ్యి వేశాడు, ఒక్క క్షణం ఆగాడు, గది నిశ్శబ్దంగా ఉంది, పలక మూశాడు. అప్పుడు వెనక్కి తిరిగి, పేకాటలో గెలిచినవాడిలా నవ్వాడు. రౌహా ముఖం గోడలాగే ఉంది గాని, లోపల ఆమె గుండె గంతులు వేసింది.

నవంబరులో, తొలిమంచు పడ్డాక వెళ్ళిన మూడోసారి కూడా అచ్చంగా అదే జరిగింది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆమె సిరాతో ఎత్తిరాసింది. పెన్సిలు కాగితంలో "10.42 చెయ్యి పలక మీద. 10.42 చెయ్యి తీశాడు" అని ఉంది. సిరా కాగితంలో ఆ రెండింటి మధ్య ఆమె రెండు మాటలు చేర్చింది: తానే గమనించి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ముట్టుకోలేదు, ఎవరి ముఖమూ అతనికి కనబడలేదు. అలాంటప్పుడు ఇంకేమనాలి? చూడనిదాన్ని ఏనాడూ రాయని మనిషి, చూశాననుకునే రాసింది.

గురువారం సమావేశంలో డాక్టరు కాగితాన్ని పూర్తిగా చదవనేలేదు. "రౌహా రాసిందంటే అంతే. పంపించేద్దాం," అన్నాడు. ఇంటికి పంపే పత్రంలో ఆమె వాక్యం ఒకటి చేరింది: ఇంటి పొయ్యిని ఎవరి సాయమూ లేకుండా తానే చూసుకోగలడు. తౌనో దాన్ని చెల్లెలి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "విన్నావా? తానే! నువ్వు నలభయ్యేళ్ళుగా ఒప్పుకోని ముక్క, చదువుకున్నావిడ రాసిచ్చింది," అన్నాడు. సైమి ఆ పత్రాన్ని తన కీర్తనల పుస్తకంలో దాచింది. డిసెంబరు ఆరున, ఆ దేశపు స్వాతంత్ర్య దినమని ఇల్లిల్లూ కిటికీలో రెండేసి కొవ్వొత్తులు పెట్టుకునే రోజున, తౌనో ఇంటి కిటికీలో కూడా రెండు వెలిగాయి.

జనవరి చివరి వారంలో చలి సున్నాకు ముప్పై రెండు డిగ్రీల కిందికి పోయింది. ఒక ఉదయం సైమి మొదటి బస్సుకు అన్న ఇంటికి వెళ్ళింది. ఫోను ఎత్తడం లేదని వెళ్ళింది. తలుపు తీయగానే ముఖానికి వెచ్చదనం తగిలిందని, ఒక్క క్షణం ప్రాణం కుదుటపడిందని తరవాత చెప్పింది. తౌనో పొయ్యి పక్కన ఊగుడుకుర్చీలో ఉన్నాడు. ప్రాణం లేదు. ఆ విషవాయువు వల్ల బుగ్గలు మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టున్నాయి. పొగగొట్టం పలక మూసి ఉంది. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్ళారు.

వార్త తెలిసిన రోజున రౌహా ఫైలు తీసి చదివింది. అన్నీ సరిగానే ఉన్నాయి. మళ్ళీ పక్షవాతం వచ్చి ఉంటుందనీ, మనిషి అన్నాక ఒక రోజు పొరపడతాడనీ డాక్టరు అన్నాడు. ఆమె ఫైలు మూసింది. కాని నిద్ర సరిగా పట్టేది కాదు.

మార్చిలో, మంచు కరిగి ఆసుపత్రి చూరునుంచి చుక్కలు పడుతున్నప్పుడు, సైమి బొత్తాల బడికి వచ్చింది. అన్న వాడిన ఒంటిచేతి రొట్టెకత్తిని తిరిగి ఇవ్వడానికి వచ్చానంది. ఇచ్చాక కూడా లేవలేదు.

"ఒక మాట అడగాలి రౌహాగారూ. ముందు రోజు సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. వేడంతా గొట్టంలోంచి పైకి పంపకురా, కట్టెలు అయిపోతాయి అన్నాను. నేనట్లా అనబట్టి... తొందరపడ్డాడేమో. మీరు రాసిచ్చారు గదా, తనంతట తను చూసుకోగలడని. చూసుకోగలిగినవాడే గదా. మరి నా మాట వల్లనే గదా?"

"కాదు సైమిగారూ."

"మరెందుకు?"

రౌహా రొట్టెకత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. సైమి ముక్కు తుడుచుకుని, తడి కళ్ళతోనే నవ్వింది. "మిమ్మల్ని ఎంత తలుచుకునేవాడో. మీ ముఖం శవపేటిక మూతలా ఉంటుందనేవాడు, ఏమనుకోకండి. కాని ఆ పెన్సిలుంది చూశావూ, అది నా మనిషి అనేవాడు. అది గీకిందంటే నేనేదో వెధవపని చేస్తున్నట్టు, చెయ్యి తీసేస్తాను, అది నోరు మూసుకుంటే సరైనట్టు అని. మిల్లులో రంపం విన్నట్టే విన్నాడట! పంతులమ్మను బోల్తా కొట్టించానే సైమీ అని ఎంత మురిసిపోయాడో."

చూరు చుక్కలు పడుతూనే ఉన్నాయి. రౌహా చేతిలోని కత్తిని బల్ల మీద పెట్టింది. తిన్నగా పెట్టింది, అంచుకు సమానంగా. సైమి ఎప్పుడు వెళ్ళిందో ఆమెకు తరవాత గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం పెన్సిలు కాగితాలను బయటికి తీసింది. 10.42 చెయ్యి పలక మీద. 10.42 చెయ్యి తీశాడు. ఆ రెండు పంక్తుల నడుమ జరిగింది ఒక్కటే, ఆమె రాయడం. రెండు ప్రయాణాల్లోనూ, నాలుగు చోట్లా, అంతే. కనుబొమ్మను కట్టేసింది, నోరు కట్టేసింది, చేతిలోని ములుకు మాట్లాడుతూనే ఉంది. అతను ఎన్నడూ ఆగలేదు. ఆమె ఆపింది.

ఇప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. సిరా కాగితాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తే తౌనో తానే చేసుకోగలిగిన మనిషిగా ఉండిపోతాడు. ఆ చెల్లెలు మాత్రం ఫోనులో తానన్న మాటను మోస్తూ బతుకుతుంది. దిద్దితే చెల్లెలి మీది బరువు దిగుతుంది. కాని అన్న సంపాదించుకున్న ఒక్క మంచి మాటా పోతుంది, దాన్ని లాక్కున్నది ఇచ్చిన చెయ్యే అవుతుంది. తన ఉద్యోగం గురించి ఆలోచించలేదని చెబితే అబద్ధం. ఆలోచించింది. ఆదివారం దాకా ఆలోచించి, పెన్సిలు కాగితాలు సంచిలో పెట్టుకుని సైమి గదికి వెళ్ళింది.

సైమి కాఫీ పోసి, బన్ను కోసి ముందు పెట్టింది. రౌహా కాగితాలు పరిచి, వేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చదివింది. చెప్పవలసింది చెప్పింది. కర్తను ఎక్కడా దాచలేదు. సైమి చాలాసేపు ఆ అంకెలనే చూసింది.

"అంటే ఒక్కసారి కూడా తనంతట తను ఆగలేదా?"

"పలక దగ్గర లేదు. కట్టెలు పేర్చింది ఆయనే. అంటించింది, బూడిద ఎత్తింది, కాఫీ కాచింది ఆయనే. అవన్నీ నేను చూశాను. పలక ఒక్కటే నేను."

"నా ఫోను కాదన్నమాట."

"కాదు."

"అదీ ఉందేమో," అంది సైమి. "మీకేం తెలుసు? మీరక్కడ లేరు."

సైమి లేచి కీర్తనల పుస్తకంలోంచి ఆ పత్రాన్ని తీసింది. రౌహా సంచిలోంచి కలం తీయబోయింది. సైమి పత్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"దీని జోలికి రాకండి. ఆసుపత్రిలో మీరేం కొట్టేసుకుంటారో కొట్టేసుకోండి. ఇది మా అన్నయ్యది."

కాఫీకుండలో ఇంకా సగం ఉంది. రౌహా కప్పు ఖాళీగా ఉంది. ఆ ఊళ్ళో ఒక్క కప్పుతో ఎవరినీ పంపరు. సైమి కుండ మీద మూత పెట్టింది. రౌహా కోటు తొడుక్కుని, కృతజ్ఞతలు చెప్పి, మెట్లు దిగింది.

సోమవారం ఆమె సిరా కాగితం మీద "తానే గమనించి" అన్నచోట అడ్డగీత గీసింది, సన్నగా. కింద రాసింది: "రోగి నా పెన్సిలు చప్పుడును గుర్తుగా పట్టుకుని చెయ్యి తీశాడు. సాయం చేసినది నేను. చేస్తున్నానని నాకు తెలియలేదు." తేదీ వేసి, పూర్తి పేరు రాసి, డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "ఎవరూ అడగలేదు గదా రౌహా," అన్నాడు. పైవాళ్ళు ఒక ఉత్తరం రాశారు, ఆమె జవాబు రాసింది. ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే కొంత తేలికయ్యేదేమోనని ఆమెకు అప్పుడప్పుడు అనిపించేది.

అప్పటినుంచి ఆమె పద్ధతి మారింది. రోగి పని మొదలుపెట్టింది మొదలు ముగించేదాకా పెన్సిలు ఆపేది కాదు. తప్పు జరిగినా రాసేది, ఒప్పు జరిగినా రాసేది, ఏమీ జరగకపోతే "చూస్తున్నాను, చూస్తున్నాను" అని పంక్తుల కొద్దీ రాసేది. ఆమె ఫైళ్ళు మూడింతలు లావెక్కాయి. వాటిని మోయలేక కొత్త అమ్మాయిలు నవ్వుకునేవారు. "ఇదేం కావ్యం రౌహాగారూ?" అని ఒకమ్మాయి అడిగితే, "చప్పుడు ఒకేలా ఉండాలమ్మా," అని ఊరుకుంది.

1981 శీతకాలంలో సైమి మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక బొత్తాల బడికే పంపారు. ఆరేళ్ళలో ఇద్దరూ బజారులో ఎదురుపడితే తలలూపుకోవడమే తప్ప మాట్లాడుకోలేదు. కాఫీ కాచి చూపించమని రౌహా అడిగి, తలుపు వారకు వెళ్ళి నిలబడింది. పెన్సిలు మొదలైంది.

సైమి నీళ్ళు పోసింది, పొడి కొలిచింది, పొడి అడుక్కు దిగేదాకా ఆగింది. వీపు వెనక గరగర ఆగకుండా సాగుతూనే ఉంది, వాన పడుతున్నట్టు. ఒకచోట ఆమె కావాలనే కుండను అంచుకు జరిపి చూసింది. చప్పుడు మారలేదు. మళ్ళీ లోపలికి జరిపింది.

"పెన్సిలు ఏమీ చెప్పదన్నమాట ఇప్పుడు," అంది, వెనక్కి తిరగకుండా.

"చెప్పదు."

సైమి బల్ల అంచు పట్టుకుంది. భుజాలు రెండుసార్లు కదిలాయి. తరవాత అలమరలోంచి రెండు కప్పులు తీసి, విరిగి అతికిన చేత్తో రెండింటిలోనూ పోసింది. కొంచెం బల్ల మీద ఒలికింది.

"రెండోది నీకే," అంది. "రాసుకో. ఎవరూ చెప్పకుండానే పోశానని."